పని ముందు, డబ్బు వెనక

ఇల్లు కట్టుకుంటున్న, కట్టుకోబోతున్న, కట్టించుకుని బాధపడుతున్న అల్లూరు పట్టణ, మండల ప్రజలకు విజ్ఞప్తి!



పెళ్లి కుదిరితే లగ్నపత్రిక రాసుకుంటాం. పెద్దమనుషుల్ని కూచోబెట్టి ఎవరు ఏం పెట్టాలో, ఎవరు ఏం తేవాలో అందరి ముందూ అనుకుంటాం. ఇల్లు కట్టేటప్పుడు మాత్రం ఒక్క ముక్క రాసుకోం. ముగ్గు పోసిన రోజు కొబ్బరికాయ కొట్టి, కాంట్రాక్టరు చేతిలో అడ్వాన్సు పెట్టి, "అంతా నువ్వే చూసుకోవాలబ్బా" అంటాం. "నా సొంతిల్లు అనుకుని కడతా అన్నా" అంటాడు అతను. మన ఊళ్లో ఒప్పందం అంటే అంతే. ఆ ఒక్క మాట మీద పదిహేను లక్షలు, ఇరవై లక్షలు చేతులు మారతాయి.

ఆ డబ్బు ఎక్కడిదో మనకు తెలుసు. రెండు పంటలు కలిసొచ్చిన ఏడు మిగిలింది కొంత. రొయ్యల గుంటలో అదృష్టం తిరిగిన ఏడు మిగిలింది కొంత. కువైట్‌లో ఉన్న బిడ్డ నెలనెలా పంపింది కొంత. ఆడవాళ్ల మెడలోది బ్యాంకులో పెట్టి తెచ్చింది కొంత. మిగతాది హౌసింగ్ లోను, పదిహేనేళ్లు వాయిదాలు కట్టాల్సింది. అలాంటి డబ్బుతో కట్టిన ఇల్లు మొదటి వానకే కారితే ఆ ఇంటి ఇల్లాలి ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను. అది మా ఇల్లే.

మా ఇంట్లో జరిగింది

2020 మాఘమాసంలో గృహప్రవేశం చేశాం. కాంట్రాక్టరు పేరు ఇక్కడ రాయను, ఈ కాగితం ఒక మనిషి మీద వేస్తున్నది కాదు. పాలు పొంగించిన రోజే మిగతా డబ్బు మొత్తం లెక్కగట్టి ఇచ్చేశాం. కొత్త బట్టలు కూడా పెట్టాం. ఎండాకాలమంతా ఇల్లు బంగారంలా ఉంది. అందరూ మెచ్చుకున్నారు.

నవంబరు చివర నివర్ తుపాను వచ్చింది. రెండో రోజు రాత్రి మా అమ్మ మంచం మీద టప్‌మని చుక్క పడింది. మంచం జరిపాం. జరిపిన చోటా పడింది. చెంబు పెట్టాం, నిండింది, బకెట్టు పెట్టాం. తెల్లారి చూస్తే హాలు శ్లాబు అడుగున గీతలు గీసినట్టు వరసగా తడి చారలు, సరిగ్గా జానెడు జానెడు దూరంలో. అవి కమ్మీలు ఉన్న చోట్లు. ఏడాది తిరిగేసరికి ఆ గీతల వెంబడే గోధుమ రంగు మరకలు, ఆపైన పెచ్చులు. ఒక పెచ్చు ఊడి పడితే నిచ్చెన వేసుకుని చూశాను. కమ్మీ కింద కాంక్రీటు లేదు, పైపూత సిమెంటు మాత్రం గోరంత మందాన ఉంది. శ్లాబు పోసేటప్పుడు కమ్మీల కింద బిళ్లలు పెట్టలేదు. కమ్మీలు సెంట్రింగు రేకుల మీదే పడుకుని ఉండగా పైన కాంక్రీటు కుమ్మరించారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. వచ్చినవాళ్లకు టీలు, టిఫిన్లు అందిస్తున్నాను. కమ్మీల వైపు చూడాలని నాకు తెలియదు.

ఫోను చేస్తే "వస్తాలే అన్నా, ఇదిగో ఈ వారం" అన్నాడు. ఒకసారి వచ్చి పైన సిమెంటు పాలు పోసి వెళ్లాడు. తర్వాత "వాటర్ ప్రూఫింగు మీరు చెప్పలేదు కదా అన్నా" అన్నాడు. తర్వాత ఫోను ఎత్తలేదు. మనూరి మనిషి, ముఖం చెడుతుందని మేం ఊరుకున్నాం. 2024 డిసెంబరులో లాయరు దగ్గరికి వెళితే ఆయన అడిగినవి మూడు. ఒప్పందం ఉందా? లేదు. డబ్బు ఇచ్చినట్టు రసీదులున్నాయా? సగం నగదుగా ఇచ్చాం. లోపం ఎప్పుడు బయటపడింది? నాలుగేళ్ల కిందట. వినియోగదారుల చట్టంలో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. కరోనా వల్ల సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 28 దాకా మినహాయించిన కాలాన్ని తీసేసినా మాకు గడువు దాటిపోయింది.

మాకు పోయింది పోయింది. మీకు పోకూడదనే ఈ కరపత్రం.

మన వానలు వేరు, మన గాలి వేరు

మిగతా రాష్ట్రానికి వానాకాలం జూన్ నుంచి. మన నెల్లూరు తీరానికి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో. 1989 నవంబరులో కావలి తుపాను చూసినవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు, అడగండి. మాఘంలోనో వైశాఖంలోనో గృహప్రవేశం చేస్తే, ఆ ఇంటికి అసలు పరీక్ష ఆరు నుంచి తొమ్మిది నెలల తర్వాత గానీ రాదు. అప్పటికి కాంట్రాక్టరు చేతికి చివరి రూపాయి కూడా వెళ్లిపోయి ఉంటుంది. మన దగ్గర గొడవలన్నిటికీ మూలం ఇక్కడుంది. ఇంటిని వాన పరీక్షించక ముందే మనం డబ్బంతా ఇచ్చేస్తున్నాం.

అందుకని మొదటి మాట: మొత్తం డబ్బులో పదో వంతు డిసెంబరు నెల దాటేదాకా మీ దగ్గరే ఉండాలి. ఈ మాట మొదటి రోజే చెప్పాలి, రాయించాలి. పని అయ్యాక చెబితే అది గొడవ అవుతుంది. ముందే చెబితే షరతు అవుతుంది.

రెండోది ఉప్పు. ఇసకపల్లి రేవు నుంచి వచ్చే గాలిలో ఉప్పుంది. రొయ్యల గుంటల పక్కన బోర్లలో ఉప్పుంది. వరిమళ్లకు గ్రావెలు తోలి మెరక చేసిన లేఅవుట్లలో కింది మట్టిలోనూ ఉంది. ఉప్పు కాంక్రీటులోకి దిగిందంటే కమ్మీకి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది. మన దగ్గర పెచ్చులూడే శ్లాబుల కథ చాలావరకు ఇదే. అందుకే కాంక్రీటుకు దేశమంతటికీ ఉన్న ప్రమాణం, ఐఎస్ 456 (2000), సముద్రతీరానికి వేరుగా చెప్పింది. మామూలు చోట ఎం20 బలం ఉన్న కాంక్రీటు చాలు. ఉప్పుగాలికి చాటున ఉన్నదానికి ఎం25, నేరుగా తగిలేదానికి ఎం30 కావాలి. మామూలు చోట కమ్మీ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు సరిపోతే, తీరంలో 30, ఇంకా దగ్గరైతే 45 ఉండాలి. కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. మన సైటు పక్క బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలాయంటే అనుమానించాల్సిందే. ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపండి. పనికిరావని తేలితే ట్యాంకరు మంచినీళ్లు ఎవరి ఖర్చు? ఇదీ రాసుకోవాల్సిన మాటే.

ఏం రాసుకోవాలి?

స్టాంపు కాగితం మీద, ఇద్దరు సాక్షులతో, ప్రతి పేజీలోనూ ఇద్దరి సంతకాలతో రాసుకోండి. లాయరు భాష అక్కర్లేదు. మనం మాట్లాడుకునే తెలుగు చాలు. కానీ ఏది రాయకపోతే గొడవ వస్తుందో అది రాయాలి.

ముందు కొలత. మన ఊళ్లో స్థలం అంకణాల్లో కొంటాం, ఇల్లు మాత్రం చదరపు అడుగుల్లో కట్టిస్తాం. చదరపు అడుగుకు ఇంతని ఒప్పుకుంటాం సరే, ఏది చదరపు అడుగు? ముప్పై అడుగులు, నలభై అడుగులు, 1,200 అని మీరు లెక్కవేసుకుంటారు. చివర్లో పోర్టికో, మెట్ల గది, బాల్కనీ, సజ్జాలు కలిపి 1,380 అని అతను లెక్క తెస్తాడు. అడుగు 1,800 చొప్పున ఆ 180 అడుగులకు 3,24,000 రూపాయలు. ఇందులో మోసం ఉండొచ్చు, లేకపోవచ్చు. అతను ఎప్పుడూ అలాగే లెక్కవేస్తుండొచ్చు. కానీ కూతురి చదువుకు దాచిన డబ్బు తీసి కట్టాల్సింది మీరు. ప్లాను కాగితం ముందు పెట్టుకుని ఏ భాగం పూర్తి రేటు, ఏది సగం రేటు, ఏది లెక్కలోకి రాదో గీసి సంతకం పెట్టించండి.

తర్వాత సామాను. "మంచి కంపెనీ సిమెంటు, మంచి ఇనుము" అని రాస్తే ఏమీ రాయనట్టే. కంపెనీ పేరు, రకం, కమ్మీ సైజు, ఎంత దూరానికి ఒకటి, తలుపు ఏ చెక్క, టైల్సు అడుగు ఎంత రేటుది, ఒక్కో గదికి కరెంటు పాయింట్లు ఎన్ని, పెయింటు ఎన్ని కోట్లు, లప్పం ఎన్నిసార్లు. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, మెట్ల రెయిలింగు, శ్లాబు పైన వాటర్ ప్రూఫింగు ఈ రేటులో ఉన్నాయా లేవా? "ఎక్స్‌ట్రా" అనే మాట ఎక్కడ మొదలవుతుందో మొదటి రోజే తేల్చుకోవాలి. ఆ తర్వాత ఏ ఎక్స్‌ట్రా పని అయినా ధర రాసి మీరు సంతకం పెట్టాకనే మొదలవ్వాలి. కనీసం వాట్సాప్‌లో "ఇంతకు సరే" అని ఉండాలి.

వాస్తు గురించి కూడా ఒక మాట. సగం గోడలు లేచాక ఎవరో చుట్టం వచ్చి వంటగది ఇటు ఉండకూడదంటాడు. పడగొట్టి మళ్లీ కట్టిస్తాం. ఆ కూలి, ఆ ఇటుక, ఆ పదిరోజుల ఆలస్యం ఎవరి ఖాతాలో వేయాలి? నిజం చెప్పాలంటే అది మనదే. వాస్తు చూపించేదేదో ప్లాను గీసే రోజే చూపించండి.

గడువు కూడా రాయాలి. ఎన్ని నెలల్లో పూర్తి, ఆలస్యమైతే నెలకు ఎంత తగ్గింపు. మీరు అద్దె ఇంట్లో ఉంటూ లోను వాయిదా కడుతున్నారు, రెండూ మీ నెత్తిన పడతాయి. ఆ అద్దె మొత్తమే తగ్గింపుగా రాసుకోవడం న్యాయం.

డబ్బు ఎప్పుడు, ఎంత?

ఈ కరపత్రంలో ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు అనుకుంటే, ఇది గుర్తుంచుకోండి: మొదటి అడ్వాన్సు పక్కన పెడితే, ఏ రోజు చూసినా కాంట్రాక్టరుకు ఇచ్చిన డబ్బు కన్నా సైటులో లేచిన పని విలువ ఎక్కువగా ఉండాలి. డబ్బు పనిని దాటి ముందుకు వెళ్లిన రోజునుంచి మీ ఫోను ఎత్తడం మానేస్తారు. అతను చెడ్డవాడని కాదు. మీ డబ్బు ఇందుపూరులో ఇంకొకరి శ్లాబుకు పోయి ఉంటుంది, పురిణిలో వాళ్ల డబ్బు వస్తే గానీ మీ ఇంటికి సిమెంటు రాదు. ఒకరి అడ్వాన్సుతో ఇంకొకరి పని నడుస్తుంది. ఎక్కడో ఒకచోట ఆ గొలుసు తెగుతుంది, తెగినప్పుడు నాలుగు ఇళ్లు మొండిగోడలతో ఆగిపోతాయి.

అందుకని అడ్వాన్సు పదో వంతు మించొద్దు. పునాది, బేస్‌మెంటు అయ్యాక ఒక విడత, గోడలు లింటెలు దాటాక ఒకటి, శ్లాబు పోసి నీళ్లు కట్టాక ఒకటి, ప్లాస్టరింగు అయ్యాక ఒకటి, తలుపులు, టైల్సు, రంగులు అయ్యాక ఒకటి. ఆఖరి పదో వంతు డిసెంబరు దాటాక. ప్రతి విడతా బ్యాంకు ద్వారానే. నగదు తప్పనిసరైతే రెవెన్యూ స్టాంపు మీద సంతకం. "మనోళ్లం కదా అన్నా, రసీదు ఎందుకు" అంటే, "మనోళ్లం కాబట్టే తమ్ముడూ, రేపు మాటపట్టింపు రాకూడదు" అనండి.

శ్లాబు రోజు టీలు పోయడం వేరేవాళ్లకు అప్పగించండి

ఇంజినీరు లేకుండా శ్లాబు పోయించొద్దు. కాంట్రాక్టరు తెచ్చే ఇంజినీరు కాదు, మీరు డబ్బిచ్చి పిలుచుకున్న ఇంజినీరు. ముందు రోజు సాయంత్రం కమ్మీలు కట్టాక ఒకసారి, పోసే రోజు ఒకసారి వస్తే చాలు. ఇరవై లక్షల ఇంటికి ఆయన ఫీజు లెక్కలోది కాదు.

ఆయన చూసేవి ఆయన చూస్తాడు. మీరూ కొన్ని చూడొచ్చు, చదువు అక్కర్లేదు. కమ్మీ తూకం: 12 మీటర్ల కమ్మీ 8 ఎం.ఎం. అయితే 4.74 కిలోలు, 10 ఎం.ఎం. 7.4, 12 ఎం.ఎం. 10.66 కిలోలు ఉండాలి. కొంచెం తేడా సహజం, చాలా తక్కువ తూగితే అది ఆ సైజు కమ్మీ కాదు. కమ్మీ కింద బిళ్లలు ఉన్నాయా? కంకర ముక్కలు, ఇటుక బెడ్డలు పెడితే ఒప్పుకోకండి, కప్పు మందానికి సరిపోయే కాంక్రీటు బిళ్లలే ఉండాలి. నీళ్లు: పాత పద్ధతిలో సైటులోనే ఎం20 కలిపితే 50 కిలోల బస్తాకు ఇసుకలోని తడితో సహా 30 లీటర్లు మించకూడదు. పని తేలికవుతుందని పైపు పెట్టి నీళ్లు వదులుతుంటారు. అలా వదిలిన ప్రతి బకెట్టూ మీ శ్లాబు బలాన్ని తీసుకుపోతుంది. వైబ్రేటరు పెట్టకపోతే లోపల తేనెపట్టులా బొక్కలు మిగులుతాయి. పోసేటప్పుడే ఆరు అంగుళాల ఇనప పెట్టెల్లో కాంక్రీటు నమూనా తీయించి, 28 రోజులకు ల్యాబులో నలిపించి కాగితం తెచ్చుకోండి. రేపు కోర్టులో ఆ ఒక్క కాగితం పదిమంది సాక్షుల పెట్టు.

పోశాక నీళ్లు కట్టడం మరవకండి. ఇప్పుడు వచ్చే సిమెంటు ఎక్కువగా పీపీసీ రకం, దానికి కనీసం పది రోజులు తడి ఆరకూడదు, రెండు వారాలైతే మంచిది. ఇది కాంట్రాక్టరు పనా, మన పనా? చాలా గొడవల్లో "మీరు నీళ్లు పట్టలేదు" అనే మాట వస్తుంది. ఎవరి పనో రాసుకోండి, రోజూ ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

మేస్త్రి మన శత్రువు కాదు

ఈ కాగితం చదివి ఎవరి మీదకూ కర్ర ఎత్తొద్దు. నేను మాట్లాడిన మేస్త్రిలు, కాంట్రాక్టర్లు కూడా తమ కష్టాలు చెప్పారు. శనివారం వస్తే కూలీలకు వారం డబ్బులు ఇచ్చి తీరాలి, ఇంటాయన ఊళ్లో ఉండడు. ఒప్పుకున్నాక సిమెంటు, ఇనుము ధరలు పెరుగుతాయి, రేటు మాత్రం పెంచరు. ఇసుక దొరక్క నెల ఆగితే ఆ నింద అతని మీద. ఇవన్నీ న్యాయమైన మాటలు. సిమెంటు, ఇనుము ధర ఇంత శాతం దాటి పెరిగితే తేడా ఇంటివాళ్లదని రాయండి. విడత డబ్బు ఏడు రోజుల్లో ఇవ్వకపోతే ఆలస్యం అతని లెక్కలో పడదని రాయండి. రాసుకున్న కాగితం అతన్నీ కాపాడుతుంది. మంచి పనివాడు కాగితానికి భయపడడు.

గొడవ వచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

మొదట, చెయ్యి పెట్టకండి. కారుతోందని వెంటనే వేరే మేస్త్రిని పిలిచి పగలగొట్టి పూయించేస్తే రుజువు పోయినట్టే. ముందు ఫోటోలు, వీడియోలు తీయండి, తేదీ కనబడేలా. టేపు పెట్టి పగులు పొడవు, వెడల్పు చూపించండి. సంబంధం లేని సివిల్ ఇంజినీరును పిలిపించి లోపమేంటి, కారణమేంటి, బాగుచేయడానికి ఎంతవుతుందో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఇంజినీరు రిపోర్టు లేని ఫిర్యాదు నిలబడటం కష్టం.

తర్వాత కాంట్రాక్టరుకు తెలుగులోనే ఒక ఉత్తరం రాయండి. లోపం ఇది, ఇన్ని రోజుల్లో సరిచేయాలి, లేదంటే వినియోగదారుల కమిషన్‌కు వెళతాను అని. అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపి రసీదు దాచుకోండి. చాలా గొడవలు ఈ ఉత్తరంతోనే తెగుతాయి, ఎందుకంటే అప్పటిదాకా మనం గట్టిగా ఏదీ అడిగి ఉండం.

తెగకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్. కొందరు "అది సరుకులు కొన్నవాళ్లకే కదా" అంటారు. కాదు. ఇల్లు కట్టడం సేవే అని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993 నవంబరు 5న తేల్చింది. ఇప్పుడున్న 2019 చట్టంలో సేవ అనే మాట నిర్వచనంలోనే గృహ నిర్మాణం అని రాసి ఉంది. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్ చాలు. ఫీజు 5 లక్షల దాకా ఏమీ లేదు, 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000 రూపాయలు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. కాంట్రాక్టరు ఎక్కడివాడైనా మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. చట్టం మూడు నెలల్లో తేల్చమంటుంది. ఆచరణలో ఎక్కువే పడుతుంది, ఓపిక పట్టాలి. వాట్సాప్ మాటలు, ఫోటోలు రుజువుగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, ఫోను మార్చేటప్పుడు పాతది పారేయకండి.

రెండేళ్లు! మళ్లీ చెబుతున్నాను, రెండేళ్లు. గొడవకు కారణం పుట్టిన రోజు నుంచి లెక్క. "వస్తాలే అన్నా" అనే మాట ఆ లెక్కను ఆపదు.

దారి తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయసహాయం దొరుకుతుంది, నంబరు 15100. ఇద్దరికీ రాజీ ఇష్టమైతే లోక్ అదాలత్ ఉంది. అక్కడ కోర్టు ఫీజు లేదు, తీర్పు మీద అప్పీలూ లేదు. ఊళ్లో ముఖాలు చూసుకుంటూ బతకాల్సినవాళ్లకు అది మంచి దారి.

ఫ్లాటు కొనేవాళ్లకు, స్థలం డెవలప్‌మెంటుకు ఇచ్చేవాళ్లకు

మన పిల్లలు నెల్లూరు, విజయవాడ, హైదరాబాద్‌లలో ఫ్లాట్లు కొంటున్నారు. వాళ్లకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఉంది, 2016లో వచ్చి 2017 మే 1 నుంచి పూర్తిగా అమలైంది. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మిగతా ప్రతి ప్రాజెక్టుకూ రెరా నంబరు ఉండాలి. అది లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం రెండూ నేరం. "ప్రీ లాంచ్, సగం రేటు" అన్నవాడికి డబ్బిచ్చి హైదరాబాద్ శివారు అమీన్‌పూర్‌లో వందల కుటుంబాలు ఎలా రోడ్డున పడ్డాయో 2022లో పేపర్లన్నీ రాశాయి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా పదో వంతు కన్నా ఎక్కువ తీసుకోకూడదు. ఇల్లు అప్పగించిన అయిదేళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడితే 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. గడువుకు ఇవ్వకపోతే వడ్డీతో డబ్బు వెనక్కి అడగొచ్చు. రెరా ఉంది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లకూడదని బిల్డర్లు వాదిస్తే, ఇంపీరియా కేసులో సుప్రీంకోర్టు 2020లో ఆ వాదన కొట్టేసింది. కొనేవాడి ఇష్టం, ఏ తలుపైనా తట్టొచ్చు.

ప్లాట్లు కొనేవాళ్లకు మన తెలుగునేల కేసే ఉంది. లేఅవుటు వేసి, రోడ్లు, కాలవలు ఇస్తామని ప్లాటు అమ్మితే అదీ సేవే అని 2012లో నార్నె కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఊళ్లో అలాంటి మాట ఇచ్చి, మడి మెరక చేసి అమ్మే ప్రతివాడికీ ఇది వర్తిస్తుంది.

రోడ్డు పక్కన పెద్ద స్థలం ఉన్నవాళ్లు బిల్డరుకిచ్చి సగం సగం పంచుకుంటున్నారు. మీరు భాగస్తులు, వినియోగదారులు కారని అంటే నమ్మకండి. ఫకీర్‌చంద్ గులాటీ కేసులో 2008లోనే సుప్రీంకోర్టు అలాంటి స్థలం యజమాని కూడా వినియోగదారుడే అంది.

ప్రభుత్వ కాలనీల్లో 1,80,000 రూపాయల యూనిట్లకు ప్రభుత్వమే కట్టించి ఇచ్చే "ఆప్షన్ 3" తీసుకుని, పని కాంట్రాక్టరుకు వదిలేసి, సగంలో ఆగిన గోడల మధ్య తుమ్మచెట్లు మొలుస్తుంటే చూస్తున్నవాళ్లు సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో విడివిడిగా కాదు, కాలనీ అంతా కలిసి ఒకే అర్జీ ఇవ్వండి. రసీదు నంబరు తీసుకోకుండా తిరిగి రావద్దు.

మీ నుంచి కోరేది

ఒంటరిగా ఉన్న ఇంటివాడినే ఎవరైనా తిప్పుతారు. వీధివాళ్లు పదిమంది తోడున్నవాడిని తిప్పరు. అందుకని ఈ వీధి నుంచి మొదలుపెడుతున్నాం. మన వీధిలో ఎవరు శ్లాబు పోసినా ఆ పూట పక్కిళ్ల నుంచి ఇద్దరు వెళ్లి నిలబడాలి. ఒకరు బస్తాలు, నీళ్లు లెక్క రాయాలి, ఒకరు ఫోనులో తీయాలి. ఎవరింట్లో గొడవ వచ్చినా ఉత్తరం రాయడానికి ఆ రాత్రే కూచోవాలి. ఇప్పటికే దెబ్బతిని ఊరుకున్నవాళ్లు, ముఖ్యంగా ఇంకా రెండేళ్లు దాటనివాళ్లు, సిగ్గుపడకుండా బయటికి రావాలి. దాచుకోవాల్సిన తప్పు మీది కాదు.

ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా మా అరుగు మీద కూర్చుంటాం. ఈ కరపత్రం మీ చేతికిచ్చినవాళ్లను అడిగితే ఇల్లు చూపిస్తారు. తెలుగులో రాసిన ఒప్పందం నమూనా ఉంది, జెరాక్సు తీసి ఇస్తాం. కట్టబోయేవాళ్లు ప్లాను కాగితం, కాంట్రాక్టరు చెప్పిన రేట్లు తెచ్చుకోండి. గొడవలో ఉన్నవాళ్లు బ్యాంకు పాస్‌బుక్కు, ఫోను, ఉన్న రసీదులు తెచ్చుకోండి. ఇంటి పని ఆడవాళ్లకే ఎక్కువ తెలుసు, ఎక్కడ కారుతుందో, ఏ గోడ చెమ్మ పడుతుందో వాళ్లే చెప్పగలరు, వాళ్లనూ తప్పకుండా వెంట తీసుకురండి. మేస్త్రిలు, కాంట్రాక్టర్లు కూడా రావచ్చు. ఒప్పందంలో మీకు అన్యాయం అనిపించిన మాట చెబితే అక్కడే కూచుని మార్చుకుందాం.

అక్టోబరులో వానలు మొదలవుతాయి. ఇప్పుడు శ్లాబు దశలో ఉన్న ఇళ్లవాళ్లు ముందు రండి.

ఇట్లు,
అల్లూరులో ఇల్లు కట్టించుకున్న ఒక గృహస్థు, వీధివాళ్లు